బీమా సంస్థలో స్వచ్ఛంద ఆడిట్: ఇల్లినాయ్ చట్టం ఇచ్చే గోప్యతను ఎలా నిలుపుకోవాలి

బీమా సంస్థ తన తప్పును తానే వెతికి దిద్దుకుంటే ముందుగా మేలు జరిగేది పాలసీదారుకే. కానీ వెతికి రాసుకున్న కాగితమే రేపు కోర్టులో తమకు ఎదురుసాక్ష్యమవుతుందన్న భయం ఉన్న చోట ఎవరూ మనస్ఫూర్తిగా వెతకరు, వెతికినా కాగితం మీద పెట్టరు. ఆ భయాన్ని తగ్గించడానికి అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ప్రత్యేక చట్టాలు చేశాయి. బీమా కోడ్‌లోని 155.35 సెక్షన్ ద్వారా 1997లో ఇల్లినాయ్ ఆ పని చేసింది. సంస్థ తనంతట తాను చేసుకున్న కంప్లయన్స్ ఆడిట్ (చట్టాలను సరిగా పాటిస్తున్నామా అన్న పరిశీలన) పత్రాలను సివిల్, క్రిమినల్, పాలనాపరమైన విచారణలలో సాక్ష్యంగా స్వీకరించరాదని ఈ సెక్షన్ చెబుతుంది. ఆ ఆడిట్‌లో పాల్గొన్న అధికారులను, ఉద్యోగులను, అందుకోసం నియమించుకున్న కన్సల్టెంట్లను దాని గురించి ప్రశ్నించడానికి కూడా వీలులేదు. ఆఫీసుల్లో దీన్ని అందరూ ప్రివిలేజ్ అనే అంటారు కనుక ఇక్కడ కూడా అదే మాట వాడతాను.

బ్లూమింగ్టన్‌లోనో షికాగో శివార్లలోనో బీమా సంస్థల్లో పనిచేసే తెలుగువారికి, హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా బీమా సంస్థల క్లెయిముల పని చూసే బృందాలకు ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను. మీరు న్యాయవాదులు కానక్కరలేదు, కానీ మీరు పంపే ఒక్క ఈమెయిలు ఈ ప్రివిలేజ్‌ను నిలబెట్టగలదు లేదా పోగొట్టగలదు. ఫలానా కేసులో ఏం చేయాలో నిర్ణయించవలసింది మాత్రం మీ సంస్థ న్యాయవాదే.

ముందు ఏ రాష్ట్రమో, ఏ కోర్టో తేల్చుకోండి

అమెరికాలో బీమా నియంత్రణ ప్రధానంగా రాష్ట్రాల చేతిలో ఉంది. 1945 నాటి మెకారన్-ఫెర్గూసన్ చట్టం ఆ ఏర్పాటును స్థిరపరిచింది. అందువల్ల ఈ ప్రివిలేజ్ కూడా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఓరెగన్, కాన్సస్, మిషిగన్, నార్త్ డకోటా, న్యూజెర్సీ, డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియాలలో ఇలాంటి చట్టాలున్నాయి. కానీ గడువులు, మినహాయింపులు అన్ని చోట్లా ఒకేలా ఉండవు, చాలా రాష్ట్రాల్లో ఇలాంటి చట్టమే లేదు. మీ ఆడిట్ ఆరు రాష్ట్రాల పాలసీలను పరిశీలించేదయితే, ఆ ఆరింటిలో ప్రతిదానిలోనూ ఈ రక్షణ ఉందా లేదా అన్నది పని మొదలు కాకముందే కాగితం మీద పెట్టుకోండి. ఇక్కడ చెప్పే వివరాలన్నీ ఇల్లినాయ్‌వి.

కోర్టు విషయం ఇంతకంటే సున్నితమైనది. రాష్ట్ర చట్టం ఆధారంగా నడిచే దావా ఫెడరల్ (కేంద్ర స్థాయి) కోర్టుకు వెళ్లినా, ఫెడరల్ సాక్ష్య నియమావళి 501వ నియమం ప్రకారం ప్రివిలేజ్ విషయంలో రాష్ట్ర చట్టమే వర్తిస్తుంది. దావా ఫెడరల్ చట్టం కిందది అయితే ఆ కోర్టు 155.35కు కట్టుబడి ఉండనక్కరలేదు. సంస్థలు తమ గురించి తాము చేసుకున్న విమర్శనాత్మక పరిశీలనకు సాధారణ న్యాయసూత్రాల కింద రక్షణ ఉందా అన్న ప్రశ్న 1970లో వాషింగ్టన్‌లో ఒక ఆసుపత్రి కేసుతో మొదలై ఇప్పటికీ తెగలేదు. చాలా ఫెడరల్ కోర్టులు ఆ వాదనను తిరస్కరించాయి. కాబట్టి ఉద్యోగుల ఆరోగ్య ప్రయోజనాల వంటి ఫెడరల్ చట్టం పరిధిలోని విషయాన్ని మీరు ఆడిట్ చేస్తుంటే, 155.35 ఒక్కదాన్నే నమ్ముకుని స్వేచ్ఛగా రాయవద్దు.

ఇండియాలో ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ హైదరాబాద్‌లోనే ఉంది కనుక ఈ పోలిక మనవాళ్ల మనసులో సహజంగానే మెదులుతుంది. అమెరికా క్లయింటుకు ఉన్న రక్షణ తమ దేశీయ వ్యాపారానికి కూడా ఉందనుకుని ఇండియాలోని సంస్థ ఆడిట్ నివేదికలో మనసు విప్పి రాస్తే ఇబ్బందుల్లో పడుతుంది.

ఆడిట్ నిజంగా స్వచ్ఛందమైనదేనా?

చట్టం నిర్వచనం ప్రకారం కంప్లయన్స్ ఆడిట్ అంటే సంస్థ స్వచ్ఛందంగా జరిపే అంతర్గత పరిశీలన. అది చట్టం స్పష్టంగా ఆదేశించినది కాకూడదు. చట్టోల్లంఘనలను గుర్తించి నివారించడం, చట్టాలను పాటించే తీరును మెరుగుపరచడం దాని ఉద్దేశమై ఉండాలి. సంస్థ ఉద్యోగులైనా, బయటి కాంట్రాక్టర్లైనా దాన్ని చేయవచ్చు.

ఇక్కడ మీరు ఒక్కొక్క అంశాన్నీ విడివిడిగా అడగాలి. ఒక ఆడిట్‌లో పది అంశాలుంటే వాటిలో మూడు నియంత్రణ శాఖకు ఎలాగూ నివేదించవలసినవి కావచ్చు. చట్టం, నియమం లేదా ఉత్తర్వు ప్రకారం సేకరించవలసిన, భద్రపరచవలసిన, నివేదించవలసిన సమాచారానికి ప్రివిలేజ్ వర్తించదని 155.35 సూటిగా చెబుతుంది. నియంత్రణ సంస్థ తన పర్యవేక్షణలో స్వయంగా తెలుసుకున్నదానికీ, ఆడిట్‌తో సంబంధం లేని వేరే ఆధారం నుంచి వచ్చినదానికీ కూడా వర్తించదు. కాబట్టి తప్పనిసరి పనిని, స్వచ్ఛంద పనిని ఒకే నివేదికలో కలపవద్దు. వాటికి వేర్వేరు ఫైళ్లు, వేర్వేరు నివేదికలు పెట్టండి, వీలైతే మనుషులను కూడా వేరుగా పెట్టండి. రెండింటినీ కలిపేస్తే ఏ పేరా ఏ పనికి చెందిందో న్యాయమూర్తికి వివరించే భారం మీ మీదే పడుతుంది.

ప్రారంభ పత్రం: అన్నిటికంటే ముఖ్యమైన కాగితం

ఈ ప్రివిలేజ్‌కు అర్హమైన పత్రం ఆడిట్ ఫలితంగా గాని, ఆడిట్‌కు సంబంధించి గాని తయారైనదై ఉండాలి, ఆడిట్‌కు ముందు తయారైనదై ఉండకూడదు. ఈ ఒక్క షరతు దగ్గరే చాలామంది తడబడతారని నా అభిప్రాయం, ఎందుకంటే ఆఫీసులో పని మనం ఊహించుకున్న వరుసలో నడవదు.

ఒక ఉదాహరణ చూడండి. వాహన నష్టం క్లెయిము తెలియజేసిన నాటి నుంచి 40 రోజులు దాటినా తేలకపోతే, ఆలస్యానికి కారణాన్ని పాలసీదారుకు రాతపూర్వకంగా తెలియజేయాలని ఇల్లినాయ్ నియమాలు చెబుతున్నాయి. క్లెయిముల విభాగంలో ఒక మేనేజరుకు గురువారం నాడు అనుమానం వచ్చి, మన లేఖలు సగం క్లెయిముల్లో వెళ్లడం లేదనిపిస్తోంది, ఇది ఎప్పటినుంచో జరుగుతున్నట్టుంది అని పదిమందికి ఈమెయిలు పెట్టాడనుకోండి. శుక్రవారం మరో ఇద్దరు జవాబిచ్చారు. సోమవారం సంస్థ ఆడిట్ మొదలుపెట్టింది. సోమవారం తర్వాత ఎంత జాగ్రత్తగా పనిచేసినా గురువారం, శుక్రవారం నాటి ఈమెయిళ్లకు రక్షణ దొరకదు. ఆ మేనేజరు చేసింది తప్పు కాదు, అతను గమనించడం వల్లే విషయం బయటపడింది. కానీ అతను చేయవలసిన పని ఒక్కటే: కంప్లయన్స్ అధికారికి గాని, సంస్థ న్యాయవాదికి గాని ఫోను చేసి, ఒక విషయం చూడాలి, మాట్లాడదాం అనడం. ఈ అలవాటు మీ సిబ్బందికి సమస్య తలెత్తక ముందే ఉండాలి.

ఆడిట్ మొదలయ్యే రోజున ఒక ప్రారంభ పత్రం రాయండి, అది ఒక పేజీ మించనక్కరలేదు. ఇది 155.35 కింద స్వచ్ఛందంగా చేపడుతున్న కంప్లయన్స్ ఆడిట్ అని, దీన్ని ఏ చట్టమూ స్పష్టంగా ఆదేశించలేదని, చట్టాలను పాటించే తీరును మెరుగుపరచడమే ఉద్దేశమని అందులో చెప్పండి. ఏ కార్యకలాపాలను, ఏ కాలానికి పరిశీలిస్తారో, ఎవరు చేస్తారో, ఎవరి ఆదేశంతో చేస్తారో, ఏ తేదీన మొదలవుతుందో రాయండి. అధికారం ఉన్న వ్యక్తి సంతకం చేయాలి. తర్వాత పరిధి మారితే ఆ మార్పును కూడా తేదీతో రాయండి. తేదీని వెనక్కి జరిపి రాయడం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. మోసపూరిత ఉద్దేశంతో కోరిన ప్రివిలేజ్‌ను కోర్టు కొట్టివేయగలదు, అలాంటి ఒక్క తేదీ మిగతా పత్రాల మీద కూడా నమ్మకాన్ని పోగొడుతుంది.

పని జరుగుతుండగా

ఏయే పత్రాలకు రక్షణ ఉంటుందన్న విషయంలో చట్టం ఉదారంగానే ఉంది. ఆడిటర్ నివేదిక, దాని అనుబంధాలు, చిత్తుప్రతులు, క్షేత్రస్థాయి నోట్సు, అభిప్రాయాలు, సూచనలు, పట్టికలు, కంప్యూటరులో తయారైన విశ్లేషణలు, కనుగొన్న విషయాలకు రాసిన జవాబులు, దిద్దుబాటు ప్రణాళిక, ఇవన్నీ దాని పరిధిలోకి వస్తాయి. అయితే సహాయక సమాచారాన్ని ప్రధానంగా ఆడిట్ కోసమే, ఆడిట్ సాగుతున్న క్రమంలోనే సేకరించి గాని రూపొందించి గాని ఉండాలి. రోజువారీ వ్యాపారానికి తయారయ్యే డ్యాష్‌బోర్డును ఆడిట్ ఫోల్డరులోకి కాపీ చేసినంత మాత్రాన దానికి రక్షణ రాదు.

అసలు క్లెయిము ఫైలు ఎప్పుడూ ఈ రక్షణకు బయటిదే. లేఖ వెళ్లిందా లేదా అన్నది వాస్తవం. ఆ వాస్తవాన్ని పాలసీదారు తరఫు న్యాయవాది క్లెయిము ఫైలు నుంచి తెలుసుకోవచ్చు, తెలుసుకోవాలి కూడా. ఆ లేఖలు ఎందుకు వెళ్లలేదు, ఎన్ని చోట్ల వెళ్లలేదు, దాన్ని ఎలా సరిచేయాలి అని మీరు చేసిన విశ్లేషణకే రక్షణ. ఈ తేడా బృందంలో ప్రతి ఒక్కరికీ స్పష్టంగా ఉండాలి, లేకపోతే ఎవరో ఒకరు మంచి ఉద్దేశంతోనే అసలు ఫైలును ఆడిట్ ఫోల్డరులోకి మార్చి, అది దాచడానికి చేసినట్టు కనిపించే పరిస్థితి తెస్తారు.

శారీరక గాయాలకు సంబంధించిన క్లెయిములు, కార్మికుల పరిహార క్లెయిముల ఫలితంగా తయారైన పత్రాలను చట్టం ఆడిట్ పత్రాల నిర్వచనం నుంచి స్పష్టంగా తీసివేసింది. ఇది న్యాయమైన మినహాయింపు. గాయపడిన మనిషి తన క్లెయిమును సంస్థ ఎలా చూసిందో తెలుసుకునే దారిని శాసనసభ మూయలేదు. ఆ కోవలోని పత్రాలకు వేరే ప్రివిలేజ్‌లు ఏవైనా ఉంటే వాటినే చూసుకోవాలి.

ప్రతి పేజీ పైన ఇది 155.35 కింద గోప్యమైన ఆడిట్ పత్రమని, ఆడిట్ పేరుతో సహా ముద్రించండి. ఆ ముద్ర ఒక్కటే హక్కును ఇవ్వదు గానీ, ఫైళ్లు వెతికేవారికి ఏది ఏదో తెలుస్తుంది, పొరపాటున బయటికి వెళ్లే ప్రమాదం తగ్గుతుంది. ఫోల్డరుకు పేరుపేరునా అనుమతి ఇవ్వండి. హైదరాబాద్ బృందం డేటా తీసి ఇస్తుంటే, వారితో కాంట్రాక్టులో ఆ పని ఈ ఆడిట్ కోసమేనని రాయించండి, వారి టికెట్ వ్యవస్థలో వ్యాఖ్యానాలు రాయవద్దని చెప్పండి. సమయాల తేడా వల్ల రాత్రి చాట్‌లో పడే చిన్న చిన్న అభిప్రాయాలు చాలాసార్లు ఎవరి ఫోల్డరులోనూ లేకుండా, ఎవరి అదుపులోనూ లేకుండా మిగిలిపోతాయి. నివేదికలోని వాక్యాలను శిక్షణ స్లైడుల్లో వాడాలనిపిస్తే వాడవద్దు. శిక్షణకు కావలసింది కొత్త పద్ధతి, దాన్ని విడిగా రాయండి.

న్యాయవాదిని మొదటి రోజే ఎందుకు పిలవాలి

న్యాయవాదికి, క్లయింటుకు మధ్య ఉండే ప్రివిలేజ్ ఎలాగూ ఉంది కదా, ఇదెందుకు అని కొందరు అడుగుతారు. 1981 నాటి అప్‌జాన్ తీర్పులో అమెరికా సుప్రీం కోర్టు కింది స్థాయి ఉద్యోగులు సంస్థ న్యాయవాదితో చెప్పినదానికి కూడా రక్షణ ఉంటుందని చెప్పింది. కానీ అది ఫెడరల్ కోర్టుల మాట. ఇల్లినాయ్ సుప్రీం కోర్టు 1982లో కన్సాలిడేషన్ కోల్ కేసులో ఆ విస్తృత పరీక్షను అంగీకరించలేదు. సంస్థ నిర్ణయాలను నియంత్రించే పై స్థాయి వారికే ఆ ప్రివిలేజ్‌ను పరిమితం చేసింది. అంటే ఇల్లినాయ్ రాష్ట్ర కోర్టులో క్లెయిముల గుమాస్తా న్యాయవాదికి చెప్పిన మాటకు ఆ రక్షణ దొరకకపోవచ్చు, ఆ గుమాస్తా 155.35 కింద జరిగే ఆడిట్‌లో భాగమైతే ఈ రక్షణ దొరుకుతుంది. ఇల్లినాయ్‌లో ఈ సెక్షన్ విలువ ఇతర చోట్లకంటే ఎక్కువని నేను అనుకోవడానికి కారణం ఇదే. 155.35 ఇతర ప్రివిలేజ్‌లను తగ్గించదని చట్టమే చెబుతోంది కనుక రెండింటినీ కలిపి వాడుకోండి. ఆడిట్‌ను న్యాయవాది ఆదేశంతో చేయించండి, 155.35 ప్రారంభ పత్రం కూడా రాయండి.

దిద్దుబాటు ప్రణాళిక

దొరికిన ప్రతి లోపానికి గతంలో జరిగిన ఉల్లంఘనను ఎలా సరిచేస్తారో, ఇప్పుడు జరుగుతున్నదాన్ని ఎలా మెరుగుపరుస్తారో, మళ్లీ జరగకుండా ఏం చేస్తారో రాయండి. ఒక్కొక్క పనికి ఒక బాధ్యుణ్ణి, ఒక గడువును పెట్టండి. పాలసీదారులకు తక్కువ డబ్బు వెళ్లి ఉంటే, తగ్గిన మొత్తాన్ని వారికి చెల్లించడమే మొదటి పనిగా ఉండాలి. ఈ చట్టాన్ని శాసనసభ చేసిందే సంస్థలు తమను తాము దిద్దుకుంటే వినియోగదారుకు రక్షణ పెరుగుతుందన్న నమ్మకంతో. లోపాన్ని కనుక్కుని, గోప్యం అని ముద్ర వేసి, ఫైలు అల్మారాలో పెట్టడానికి ఈ చట్టాన్ని వాడేవారు ఆ నమ్మకాన్ని వమ్ము చేస్తారు, మోసపూరిత ఉద్దేశం అన్న ఆరోపణకు తామే ఆధారం ఇస్తారు. అదీగాక, సమంజసం కాని వేధింపు ఆలస్యానికి బీమా కోడ్‌లోని 155వ సెక్షన్ విడిగా శిక్షిస్తుంది, గోప్యత ఆ బాధ్యతను తప్పించదు.

బీమా శాఖకు చూపించవలసి వస్తే

శాఖ డైరెక్టరు జరిపే తనిఖీలో భాగంగా మీరు ఆడిట్ పత్రాన్ని స్వచ్ఛందంగా సమర్పించవచ్చు. అలా ఇచ్చినందువల్ల ప్రివిలేజ్ పోదు. పత్రం సంస్థ ఆస్తిగానే ఉంటుంది, సమాచార స్వేచ్ఛ చట్టం కింద ఎవరైనా అడిగినా బయటికి వెళ్లదు. డైరెక్టరు తన అధికారంతో తెప్పించుకుంటే, బయటపడిన లోపాలు గాని, వినియోగదారుల పట్ల తప్పు ప్రవర్తన గాని సరిదిద్దారా, లేదా సరిదిద్దే తగిన ప్రణాళిక ఉందా అని చూడడానికే ఆయన దాన్ని వాడాలి. ఇందువల్లే పైన చెప్పిన దిద్దుబాటు ప్రణాళిక నివేదికతో పాటే సిద్ధంగా ఉండాలి. పంపే కవరు లేఖలో పత్రాన్ని ఏ సెక్షన్ కింద ఇస్తున్నారో, ప్రివిలేజ్‌ను వదులుకోవడం లేదని స్పష్టంగా రాయండి. ఏ పేజీలు ఇచ్చారో ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.

రాతపూర్వకంగా అడిగినప్పుడు: 30 రోజులు

డైరెక్టరు గాని, స్టేట్స్ అటార్నీ (కౌంటీ స్థాయి ప్రభుత్వ ప్రాసిక్యూటరు) గాని, అటార్నీ జనరల్ గాని ఆడిట్ పత్రాన్ని ఇవ్వమని సర్టిఫైడ్ తపాలాలో రాతపూర్వకంగా అడిగితే, న్యాయమూర్తి ఆ పత్రాన్ని బహిరంగ కోర్టులో కాక తన దగ్గరే పరిశీలించాలని కోరుతూ మీరు 30 రోజుల్లో కోర్టులో పిటిషన్ వేయాలి. గడువు దాటితే ప్రివిలేజ్ పోతుంది. దీని గురించి గట్టిగా చెప్పడానికి కారణముంది. సర్టిఫైడ్ తపాలా ఎక్కువగా సంస్థ మెయిల్ రూములో దిగుతుంది, అక్కడినుంచి ఏదో ఒక విభాగానికి వెళ్తుంది, ఆ విభాగంలో ఎవరో సెలవులో ఉంటారు. కాబట్టి మెయిల్ రూముకు ముందే రాతపూర్వక సూచన ఇవ్వండి: బీమా శాఖ నుంచి, అటార్నీ జనరల్ కార్యాలయం నుంచి, ఏ కౌంటీ స్టేట్స్ అటార్నీ నుంచి వచ్చిన సర్టిఫైడ్ ఉత్తరమైనా అదే రోజు న్యాయ విభాగానికి చేరాలి. అందిన తేదీని కవరు మీద రాసి, కవరును కూడా భద్రపరచండి. క్యాలెండరులో ముప్పయ్యో రోజును కాక ఇరవయ్యో రోజును గడువుగా పెట్టుకోండి.

పిటిషన్‌లో పత్రం తేదీ, ఆడిట్ చేసిన వారెవరో, ఆడిట్‌లో పరిశీలించిన కార్యకలాపాల సాధారణ స్వభావం, ఏ భాగాలకు ప్రివిలేజ్ కోరుతున్నారో చెప్పాలి. ప్రారంభ పత్రాన్ని సరిగా రాసుకుని ఉంటే ఇందులో మొదటి మూడూ దాదాపుగా దానినుంచే వస్తాయి. పిటిషన్ వేసిన 45 రోజుల లోపు విచారణ జరిగేలా కోర్టు ఉత్తర్వు ఇవ్వాలి.

కోర్టులో ఎవరు ఏమి రుజువు చేయాలి

ప్రివిలేజ్ వర్తిస్తుందని చూపే భారం ముందు సంస్థదే. అది చూపించాక, సివిల్ లేదా పాలనాపరమైన విచారణలో మోసపూరిత ఉద్దేశం ఉందని రుజువు చేసే భారం పత్రం కోరేవారిది. మోసపూరిత ఉద్దేశం ఉన్నా, ఆ పత్రం అసలు ప్రివిలేజ్ కిందికి రాకపోయినా న్యాయమూర్తి వెల్లడికి ఆదేశించవచ్చు.

క్రిమినల్ విచారణలో మరొక దారి ఉంది. బీమా కోడ్ కింద నేరానికి సంబంధించిన సాక్ష్యం పత్రంలో ఉంటే, మూడు విషయాలూ కలిసి రుజువైనప్పుడు వెల్లడి చేయించవచ్చు. ప్రభుత్వానికి ఆ సమాచారం తప్పనిసరి అవసరమై ఉండాలి, అది మరో చోట దొరకనిదై ఉండాలి, దానికి సమానమైనదాన్ని అసమంజసమైన ఖర్చు, ఆలస్యం లేకుండా సంపాదించడం వీలుకానిదై ఉండాలి. నేరం కనిపించే స్థాయి విషయం ఆడిట్‌లో బయటపడితే, పని ఆపకుండానే క్రిమినల్ న్యాయవాదిని అదే రోజు పిలవండి.

సంస్థ స్పష్టంగా వదులుకున్న మేరకు ప్రివిలేజ్ ఉండదు. మధ్యవర్తి చర్చల్లో, పత్రికా ప్రకటనలో, మా స్వంత ఆడిట్ మాకు క్లీన్ చిట్ ఇచ్చింది అని చెప్పుకోవాలనే ఒత్తిడి వస్తుంది. నివేదికలో మీకు అనుకూలమైన ముక్కను బయటపెట్టి మిగతాదాన్ని దాచుకుంటామంటే ఏ న్యాయమూర్తి దగ్గరా అది నిలబడుతుందని ఆశపడవద్దు. ఆ మాట ఎవరు అనాలన్నా న్యాయ విభాగం అనుమతి ఉండాలని ముందే నిబంధన పెట్టండి.

న్యాయమూర్తి పరిశీలించి వెల్లడి చేయమంటే, ఆ వివాదానికి సంబంధించిన భాగాలనే చేయించగలరు. అలా బలవంతంగా ఇచ్చినది బహిరంగ పత్రం కాదు, మరో కేసులో ప్రివిలేజ్‌ను వదులుకున్నట్టూ కాదు. ఉత్తర్వు వచ్చిన రోజే దాని కాపీ పక్కన పెట్టుకుని, ఉత్తర్వులో పేర్కొన్న పేజీలనే తీయండి, మిగతా పేరాలను నల్లగా మూయండి, ఇచ్చిన ప్రతి పేజీకి వరుస సంఖ్య వేయండి. ఆ పేజీలు అంతకుమించి ఎవరికీ చేరకుండా రక్షణ ఉత్తర్వు ఇవ్వమని అదే కోర్టులో దరఖాస్తు పెట్టండి.